రెండు కాళ్ళ వీరుడు

మట్టి సిపాయి చుట్టూ ఓ ప్రదక్షిణ పూర్తి చేసి మేయర్ లెస్కూర్ మళ్ళీ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"రెండో కాలేది, మోర్వాన్ గారూ?"

"వెర్దూన్ యుద్ధంలో ఉండిపోయింది," అన్నాడు శిల్పి మోర్వాన్. అని, మూలన స్టూలు మీద చంకకర్రలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న గుస్తేన్‌ని చూపించాడు. విగ్రహానికి నమూనా అతనే. మేయరుగారి ఊరివాడే.

యుద్ధం ముగిసి మూడేళ్ళయింది. ఫ్రాన్సులో ఊరూరా చనిపోయిన కుర్రాళ్ళ జ్ఞాపకంగా నడిబజార్లో ఒక కంచు సిపాయి లేస్తున్నాడు. పక్క ఊళ్ళో లేచి అప్పుడే ఆరు నెలలైంది. అప్పట్నుంచీ లెస్కూర్‌కి అన్నం సయించడం లేదు. అంతమాత్రాన ఒంటికాలివాణ్ణి నిలబెట్టుకుంటారా ఎవరైనా?

ఆయన చాలా మర్యాదగానే నచ్చజెప్పాడు. గుస్తేన్ త్యాగాన్ని తాను తక్కువ చేయడం లేదట, మొన్న విందులో స్వయంగా అతని గ్లాసులో వైన్ పోశాడట. కానీ విగ్రహం ముందు బడిపిల్లలు పాటలు పాడాలి, కొత్త పెళ్ళికొడుకులు ఫొటోలు దిగాలి. మేయరు వెంట వచ్చిన, యుద్ధాన్ని మొత్తం మ్యాపుల మీదే గెలిచిన కర్నల్ బ్రిసో ఇంకో అడుగు ముందుకేసి, ఒంటికాలి మీద సెల్యూట్ సైనిక నిబంధనల్లో లేదని తేల్చేశాడు.

వాళ్ళు వద్దన్న మూడో సిపాయి ఇతను. మొదటివాడికి దవడ లేదు, పిల్లలు జడుసుకుంటారన్నారు. రెండోవాడికి చేతుల్లో వణుకు. కంచులో వణుకు కనబడదు కదా అని మోర్వాన్ అంటే, కనబడకపోయినా మాకు తెలుసు కదా అన్నారు.

"తిరిగొచ్చినవాళ్ళు ఇలాగే వచ్చారండీ," అన్నాడు మోర్వాన్. "మట్టితో అబద్ధమాడితే తడిపి తుడిచేయొచ్చు. కంచులో పోస్తే మన మనవళ్ళ కాలానికి కూడా అలాగే ఉంటుంది."

మేయరు కోటు జేబులోంచి రంగురంగుల కేటలాగు తీశాడు. ఏదో కర్మాగారం సిపాయిల్ని టోకున పోతపోసి రైల్లో పంపిస్తోంది. నిలబడ్డవాడు, పరిగెత్తేవాడు, జెండా పట్టుకుని పడిపోయేవాడు, ఎవరు కావాలంటే వాడు.

"ఇవాళ మీరు తేల్చకపోతే ఇందులోంచి ఒకణ్ణి తెప్పించుకుంటాం. మీసం కూడా ఉంది వీడికి," అన్నాడు.

యుద్ధం జరిగినన్నాళ్ళూ దేశంలో ఉన్న కంచు మొత్తం ఫిరంగి గుళ్ళకే పోయింది, మోర్వాన్‌కి పనిచ్చిన నాథుడు లేడు. ఇప్పుడు ఇదీ చేజారితే, సమాధుల మీద దేవదూతలకి విరిగిన రెక్కలు అతికించుకుంటూ బతకాల్సిందే. మోర్వాన్ గుస్తేన్ వైపు చూశాడు.

"ఒప్పేసుకోండి బాబూ," అన్నాడు గుస్తేన్. "నన్ను నిలబెట్టినా మా ఆవిడ నమ్మదు. నేనంత నిటారుగా ఎప్పుడున్నానని?"

మట్టి చేతులు కూడా కడుక్కోకుండా మోర్వాన్ వీధిలోకి వెళ్ళిపోయాడు. కోపమొచ్చి పోయాడేమోనని మేయరు అనుకునేలోపే ఓ మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎదుటి రొట్టెల దుకాణంలో పిండి బస్తాలు మోసేవాడు. తలుపులోంచి పక్కకి తిరిగి రావాల్సినంత భుజాలు. రెండు చేతులు, రెండు కాళ్ళు, నోటినిండా పళ్ళు. మోర్వాన్ అతని చొక్కా విప్పించి, బల్ల ఎక్కించి, తుపాకీకి బదులు చీపురుకర్ర చేతికిచ్చాడు. అతను మడమలు టక్కున కలిపి, గడ్డమెత్తి, రాయిలా నిలబడ్డాడు.

కర్నల్ కళ్ళు చెమర్చాయి. మేయరు బల్ల చుట్టూ ఓ ప్రదక్షిణ చేశాడు.

"ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ ఇతన్ని?"

"ఎక్కడా దాచలేదు. రోజూ రొట్టె కొనుక్కుంటూ చూస్తూనే ఉన్నాను."

"యుద్ధం చేసినవాడేనా?"

"మొదటిరోజు నుంచీ యూనిఫాంలో ఉన్నవాడే," అన్నాడు మోర్వాన్.

ఇంకేం కావాలి? ఫ్రెంచి రక్తమంటే ఇదీ అన్నాడు మేయరు. ఇలాంటి ఛాతీ ఊరికి నాలుగుంటే శత్రువు సరిహద్దు దాటేవాడే కాదన్నాడు కర్నల్. శిల్పి మనసు మళ్ళీ ఎక్కడ మారుతుందోనని, అంగీకారపత్రం మీద అక్కడికక్కడే ఇద్దరూ సంతకాలు చేసేశారు. మోర్వాన్ ఆ కాగితం మీద సిరా ఆరేదాకా ఊది, మడిచి, లోపలి జేబులో పెట్టుకున్నాడు. గుస్తేన్ చంకకర్రలు సర్దుకుని లేచాడు. ఎవరూ కూర్చోమనలేదు.

కర్నల్‌కి మాత్రం ఆ బల్ల దగ్గర్నుంచి కదలబుద్ధి కాలేదు. మనిషి నిలబడ్డ తీరు చూసి ఏ దళమో చెప్పేయగలనని మేయరుతో గొప్పగా అన్నాడు. పర్వత దళమేనా అని అడిగాడు. అతను కాదన్నట్టు తలూపాడు. అయితే ఆశ్వికదళమే అన్నాడు. అదీ కాదు. నావికుడివా అన్నాడు. అందుకూ తల అడ్డంగానే ఊగింది.

"మరి ఎవరి కింద పనిచేశావు నాయనా?" అన్నాడు కర్నల్ చివరికి, కాస్త చిన్నబుచ్చుకుని.

అతను మోర్వాన్ వైపు చూశాడు. మోర్వాన్ లోపలి జేబు ఓసారి తడిమి చూసుకుని, చెప్పమన్నట్టు తలాడించాడు.

"జర్మనీ చక్రవర్తి గారి కిందండీ. మొదటి వారంలోనే మీకు దొరికిపోయాను."