తండ్రి వైపు రక్తం

“పాపను ఒక్కసారి ఎత్తుకోనా అమ్మా?”

ల్యాబ్ వరండాలో పక్క కుర్చీలో ఉన్న ముసలాయన అడిగాడు.

టైలరమ్మాయి బిడ్డను గుండెలకు అదుముకుంది.

“వద్దండీ. కొత్తవాళ్ళను చూస్తే ఏడుస్తుంది.”

పాపేమో ఆయన్ని చూసి బోసినోరు తెరిచి నవ్వుతోంది. పిల్లలకేం తెలుసు!

తల్లి ప్రాణమంతా గుమ్మం మీదే ఉంది. పాప తండ్రి వెల్డరు. పెళ్ళి ఇవాళా రేపూ అనుకుంటుండగానే, పరంజా మీంచి పడి చనిపోయాడు. అప్పటికి పాప ఇంకా కడుపులోనే ఉంది. పాప అతని బిడ్డేనని కోర్టు ఒప్పుకోవాలంటే, అతని రక్తసంబంధీకుల్లో ఒకరు ఇక్కడికొచ్చి రక్తం ఇవ్వాలి. లేదంటే జన్మంతా తండ్రెవరో తెలియని పిల్లే. గడువు ఇవాళ్టితో సరి.

అతని ఇంటి గడప ఆమె ఎన్నడూ తొక్కలేదు. లాయరమ్మ కబురు పెడితే, వస్తానన్నది వెల్డరు వాళ్ళన్న ఒక్కడే. అతనికి ఫోన్ చేసింది.

“బావగారూ, బయల్దేరారా?”

“పెళ్ళే కాలేదు, బావగారేంటి? నేను రాను. తమ్ముణ్ణి గెంటేసినట్టు నాన్న నన్నూ గెంటేస్తాడు.”

ఫోన్ పెట్టేశాడు. ఆమె మళ్ళీ చేసింది, ఎత్తలేదు.

“ఏమైందమ్మా?” ముసలాయన దగ్గరికి జరిగాడు.

ఎడమ మోచెయ్యి మడిచి అలాగే పట్టుకున్నాడు. చూపు మాత్రం పాప మీంచి తిప్పడం లేదు.

ఆమె పాపను అటు తిప్పుకుంది. కొంపదీసి ఆ ఇంటివాళ్ళు పంపిన మనిషి కాదు కదా! భయపెట్టడానికో, పాపను ఎత్తుకుపోవడానికో?

“ఏంటండీ ఆ చూపు? పరాయి పిల్లను అలా గుడ్లప్పగించి చూడ్డానికి సిగ్గులేదూ? వెళ్తారా, నలుగుర్నీ పిలవనా?”

వరండా అంతా ఇటు తిరిగింది.

ముసలాయన మెల్లగా లేచాడు.

“గాలి చల్లగా ఉంది. పాప చెవులు కప్పమ్మా.”

మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పీడా పోయింది అనుకుంది.

ల్యాబ్ అమ్మాయి తలుపు తీసింది.

“రండి, పాపకు కూడా తీసేస్తే అయిపోతుంది.”

“వాళ్ళ వైపు నుంచి ఎవరూ రాలేదండీ. సాయంత్రం దాకా ఆగండి, మీ కాళ్ళు పట్టుకుంటా!”

“రాకపోవడమేంటి? మీకంటే ముందే పాప తాతయ్య వచ్చి రక్తం ఇచ్చారుగా. ఇంతసేపూ మీ పక్కనే కూర్చున్నారు!”

పాపను చంకనేసుకుని ఆమె గబగబా మెట్లు దిగి పరిగెత్తింది. వీధి నిండా జనం. ఆయన లేడు.

వెనకే వచ్చిన ల్యాబ్ అమ్మాయి అడిగింది.

“మనవరాలిని ఒక్కసారి ఎత్తుకోవచ్చా అని నన్నడిగారు. తల్లినడగండి అన్నాను. అడగలేదా?”