ఖాళీగా వచ్చిన పళ్ళెం

మా బానీ ఊరి వీధుల్లో పక్కింటి పళ్ళెం ఎవరూ ఖాళీగా తిప్పి పంపరు, కనీసం ఓ నిమ్మకాయైనా వేస్తారు. పక్కింటి ముసలావిడ ఎదువీహెస్‌కి నేను పంపిన అన్నం పళ్ళెం ఈ వారం మూడుసార్లూ ఖాళీగానే వచ్చింది. కిటికీలోంచి అందించింది కూడా ఆవిడ కాదు, మేనల్లుడు. అత్త నిద్రపోతోందన్నాడు. మిట్టమధ్యాహ్నం నిద్రేమిటి? గోడకి చెవి ఆనిస్తే ఏడుపు వినిపించింది.

బీపీ చూడ్డానికి వీధిలోకొచ్చిన నర్సు యొకాస్తని ఊచల్లోంచి కేకేశాను.

"ఏం మామ్మా, ఇవాళెవరి కొంప మునిగింది?" అని నవ్వింది. నా కంగారంటే వీధంతటికీ వేళాకోళమే.

చెప్పాను. నవ్వు ఆగిపోయింది. అంతా రాసుకుంది.

"ఇప్పుడే వెళ్తా. నువ్వూ రా మామ్మా, నీ గొంతు వింటే ఆవిడ ధైర్యంగా చెబుతుంది."

"ఎలా వస్తానమ్మా? కోడలు బయట తాళం వేసుకుని పనికి పోయింది. రోజూ అంతేగా. ఓసారి వీధిలో పడి పరువు తీశానట."

యొకాస్త తాళం వంక చూసింది. ఇంకో కాగితం తీసింది.

"నీ పూర్తి పేరు చెప్పు మామ్మా."

"నా పేరెందుకే? మనం చెప్పుకునేది ఎదువీహెస్ సంగతి కదా!"