తేలికపాటి హెడ్‌సెట్

ఐదో హెడ్‌సెట్ కూడా నచ్చలేదు. పైలట్ దాన్ని తల మీంచి లాగి గాజుబల్ల మీద ఠక్కున పెట్టాడు.

"మెల్లగా సార్, అద్దం పగులుతుంది," అన్నాడు షాపాయన.

"నా తల పగులుతోంది. అది కనబడదు మీకు!"

విమానాశ్రయం గేటు ఎదురుగా ఉన్న చిన్న షాపది. పైలట్లకి కావలసిన సరంజామా దొరికేది అక్కడొక్కచోటే.

ఈ పైలట్ నడిపేది చిన్న సరుకుల విమానం. పక్కన తోడు ఎవరూ ఉండరు. గంటల తరబడి సముద్రం మీదే ప్రయాణం. సగం దూరం వెళ్లేసరికి హెడ్‌సెట్ బరువుకి మెడ పట్టేస్తుంది, చెవులు మండిపోతాయి.

రేపు పొద్దున్నకల్లా తేలికైన హెడ్‌సెట్ తెచ్చి ఆఫీసులో చూపించాలి. లేదంటే ఇక విమానం ఎక్కనివ్వరు.

ఆరోదాన్ని తీసి తూకం మెషిన్ మీద పెట్టాడు. అంకె చూసి పెదవి విరిచాడు.

"తూకం చూసి కొనకండి బాబూ," అని వినిపించింది పక్కనుంచి.

గోడవారన స్టూలు మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. షాపాయన ఎప్పుడు ఖాళీ అవుతాడా అని చూస్తోంది. ఆయన అత్తగారో పిన్నిగారో అయి ఉంటుందనుకున్నాడు పైలట్.

"మీరు కాసేపు ఊరుకోండమ్మా. అసలే నేను తొందరలో ఉన్నాను."

"అంత తొందరేమిటి బాబూ?"

ఎవరో ఒకరి మీద కక్కకపోతే కడుపుబ్బరం తీరేలా లేదతనికి.

"ఎవరో మహాతల్లి చలవ! పోయిన ట్రిప్పులో నొప్పి భరించలేక హెడ్‌సెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నా. కాసేపే. సరిగ్గా అప్పుడే కంట్రోల్ రూమ్‌లో ఒకావిడకి నాతో పని పడింది. విమానం ఎత్తు మార్చాలట! పిలిచిందట, నాకు వినబడలేదు. చివరికి హెడ్‌సెట్ పెట్టుకున్నాను, పలికాను, బరువు మోయలేక తీశానని చెప్పాను, మార్చమన్నట్టే మార్చాను. ఏమైంది? ఏమీ కాలేదు! అయినా మా ఆఫీసుకి చాడీలు మోసింది."

"ఆవిడే మోసిందని తెలుసా?"

"ఇంకెవరు మోస్తారు? చల్లటి గదిలో కూర్చుని మాట్లాడేవాళ్లకి నా మెడనొప్పి ఏం తెలుస్తుంది?"

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వ్యవహారం అనుకున్నాడు షాపాయన.

పెద్దావిడ అతని ముఖంలోకి చూసింది, బల్ల మీద అతను తీసిపెట్టిన కళ్లజోడు వంక చూసింది. తర్వాత నెమ్మదిగా అంది.

"కళ్లజోడు తీసేసి చూసుకుంటున్నారేం బాబూ? విమానంలో పెట్టుకునేగా నడుపుతారు? హెడ్‌సెట్ నొక్కేది ఆ కళ్లజోడు కాడ మీదే."

నిజమే. అందుకే అతనికి ఇంకా ఒళ్లు మండింది.

కళ్లజోడు పెట్టుకుని ఆరోది తగిలించుకున్నాడు. కణత దగ్గర సూదితో పొడిచినట్టయింది. విసురుగా తీసేశాడు.

"తల అటూ ఇటూ తిప్పి చూడండి. దవడ ఆడించి చూడండి. కొన్న తర్వాత..."

"చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారేంటండీ! ఇవేమన్నా వంకాయలా, మీరు ఏరిపెట్టడానికి?"

"కాదు బాబూ. వంకాయ పుచ్చిదైతే పారేస్తాం," అంది ఆవిడ. ఆవిడకి కోపం రాలేదు. అదీ అతనికి నచ్చలేదు.

ఆవిడే లేచి అల్మరాలో ఆ చివర ఉన్నదాన్ని చూపించింది. షాపాయన దాన్ని తీసి ఇచ్చి, ఇంజిన్ మోత వినిపించే స్పీకర్ పెట్టాడు. షాపంతా గోలతో నిండిపోయింది.

పైలట్ కళ్లజోడు మీదుగానే హెడ్‌సెట్ తగిలించుకుని బటన్ నొక్కాడు.

మోత మాయమైంది. కణతలు నొప్పెట్టలేదు. తల మీద ఏదైనా ఉందా అని చేత్తో తడిమి చూసుకున్నాడు.

పెద్దావిడ అతన్ని ఏదో అడిగింది. పెదవులు కదిలాయి తప్ప ఒక్క ముక్క వినబడలేదు. ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉంటే, అతను కావాలనే కళ్లు మూసుకున్నాడు.

కళ్లు తెరిచేసరికి ఆవిడ బల్ల మీదుగా వంగి షాపాయన చెవిలో ఏదో చెప్తోంది. తర్వాత చేతిసంచి తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

అతను హెడ్‌సెట్ తీశాడు.

"ఇదే ఇవ్వండి. ఎన్ని గంటలైనా ఉంచుకోవచ్చు. పైగా ఆవిడ గోల వినబడలేదు చూశారూ, అదీ అసలు సుఖం!"

షాపాయన నవ్వలేదు. స్పీకర్ ఆపేశాడు.

"ఎవరు, మీ చుట్టమా?"

"కాదు సార్. ఇన్నేళ్లుగా ఆవిడ హెడ్‌సెట్ పాడైతే బాగుచేసేది నేనే. ఇవాళ రిటైరయ్యారు. సొంతూరు వెళ్లిపోతూ, చెప్పి వెళ్దామని వచ్చారు."

"ఆవిడకి హెడ్‌సెట్ ఎందుకు?"

"కంట్రోల్ రూమ్‌లో ఉద్యోగం కదా సార్. మీ గొంతు వినగానే గుర్తుపట్టారట. ఆ రోజు మీకు ఎదురుగా, అదే ఎత్తులో, నిండా జనంతో ఇంకో విమానం వస్తోందట. డ్యూటీ అయిపోయినా కుర్చీ దిగకుండా, మీరు పలికేదాకా పిలుస్తూనే ఉన్నారట."

పైలట్ పరుగున గుమ్మం దాకా వెళ్లాడు. ఆవిడ ఎక్కిన బస్సు మలుపు తిరిగిపోతోంది.

వెనక్కి వచ్చి బల్ల పట్టుకుని నిలబడ్డాడు. ఆ కాస్త కోపాన్నీ వదులుకోవడానికి మనసొప్పలేదతనికి.

"అయినా... మా ఆఫీసుకి చెప్పింది ఆవిడేగా?" అన్నాడు.

"ఆవిడే సార్. మీరు పలకలేదన్న రిపోర్టు చూసి మీవాళ్లు మీ ఉద్యోగం తీసేస్తున్నారని తెలిసి వెళ్లారట, 'తీసెయ్యాల్సింది ఆ అబ్బాయిని కాదండీ, అతని తల మీది బరువుని' అని బతిమాలడానికి."