నాగపూర్‌కు మళ్ళిన విమానం

పైలట్లు లేని విమానాలు వచ్చాక, ఎక్కడ దిగాలన్నది కూడా ప్రయాణికుల ఓటుతోనే తేలుతోంది. ఆ ఓటును కాదనే అధికారం నేలమీదున్న ఇంధన పర్యవేక్షకులకు మాత్రమే ఉంది. హైమావతి ఆ పని ఇంట్లోనుంచే చేస్తుంది.

ఆ ఉదయం ఆమె ఉప్మాకు రవ్వ వేయిస్తుండగా పొయ్యి పక్కనున్న తెర పలికింది. "హైదరాబాదును పొగమంచు కప్పేసింది. అది విడిచేదాకా పైనే తిరుగుదామని విమానంలో అందరూ ఓటేశారు."

ఆ విమానంలోనే ఆమె భర్త సుదర్శనం ఉన్నాడు. ఆయన ఓటూ అదే.

"తిరిగితే ఇంధనం సంగతేంటి?"

"మంచు విడిస్తే సరిపోతుంది. విడవకపోతే, ఆ తర్వాత నాగపూర్ దాకా వెళ్ళడానికి చాలదు."

హైమావతి పొయ్యి కట్టేసింది.

"ఇప్పుడే నాగపూర్‌కు మళ్ళించు," అంది.

విమానం అక్కడ దిగేవరకూ ఆమె గోడకు ఆనుకుని నిలబడే ఉంది. ఈలోగా హైదరాబాదులో మంచు విడిపోయి ఎండ కాసింది.

సుదర్శనం ఫోన్ చేశాడు. "ఏంటి హైమా, కాసేపు ఆగుంటే ఇంటికొచ్చేసేవాణ్ణి గదా. ఇక్కడందరూ నిన్నే తిడుతున్నారు."

"తిట్టనీయండి. మీరూ తిట్టండి, వింటాను," అంటూ ఆమె నేలమీద కూలబడింది. ఆయన విసుక్కుంటూనే ఉన్నాడు. ఆమె కళ్ళు మూసుకుని ఆ గొంతు వింటూ కూర్చుంది.