ఇంట్లో మనిషి

జూలై పదహారున రామకోటేశ్వరరావు డబ్బాలో గోంగూర పప్పు, వడియాలు ఉన్నాయి. భార్య పోయి రెండేళ్లయినా ఇద్దరి కొలత తగ్గించడం ఆయనకు చేతకాలేదు. మిగిలిన సగం కింద గేటు గదిలో ఉండే వాచ్‌మన్ జాన్‌బాబుది.

“ఇవాళ కూడా ఉప్పు మర్చిపోయారండీ,” అన్నాడు జాన్‌బాబు.

ఈ మధ్య ఆయన చాలా మర్చిపోతున్నాడు. మొన్న రెండు వేర్వేరు చెప్పులతో ఆఫీసుకు వచ్చాడు. సర్వర్లు చూసే ఈ ఉద్యోగంలో రిటైర్మెంటుకు ఇంకా మూడు నెలలుంది.

రెండింటికి సర్వర్ గదిలోంచి ఆయన కింద కొత్తగా చేరిన అక్షయ కేకేసింది.

బంటుమిల్లి వైపు అరవై రొయ్యల చెరువుల్లో నీళ్లకు గాలి అందించే ఏరేటర్లను నడిపేది ఆ గదిలోని ఒక్క కంప్యూటరే. మూడు రోజులుగా ముసురు. ఎండ లేక నీళ్లలో ఆక్సిజన్ పడిపోతోంది. చీకటి పడేలోగా అన్ని మోటార్లూ తిరగాలి. లేకపోతే తెల్లారేసరికి చెరువుల్లో ఏమీ మిగలదు.

“ఏ కమాండ్ కొట్టినా లేదంటోంది సార్. ఎల్‌ఎస్ లేదంట, క్యాట్ లేదంట!”

ఆయన నల్లటి తెర వైపు చూశాడు. ఎల్‌ఎస్, క్యాట్ లాంటి ఆదేశాలన్నీ ఉండే ఫోల్డర్‌ను ఎవరో తుడిచేశారు.

వెనకే కంపెనీ యజమాని శివపార్వతి వచ్చింది. “ఈ గది తాళం మీ ఇద్దరి దగ్గరే ఉంది. ఎవరు చేశారో తర్వాత తేలుస్తాను. చేసినవాళ్లు రేపట్నించి ఈ మెట్లెక్కరు. ముందు బాగుచేయండి.”

మగ్గం మీద బతికే ఇంట్లో నెలజీతం తెచ్చిన మొదటి మనిషి అక్షయ. ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకా పదిహేను రోజులుంది.

“ఈ విండో మాత్రం మూయకమ్మా,” అన్నాడు రామకోటేశ్వరరావు. “మూశామంటే మళ్లీ తెరుచుకోదు.”

ఎకో అనే ఆదేశం కొట్టి, పక్కన ఒక నక్షత్రం గుర్తు పెట్టాడు. ఫైళ్ల పేర్లు బిలబిలమంటూ వచ్చాయి.

“ఇదెలా పలికింది సార్?”

“ఎల్‌ఎస్, క్యాట్ బయటి కూలీలమ్మా. పిలిస్తే వచ్చి, పని చేసి పోతారు. వాళ్లుండే కొంప కూలిపోయింది. ఎకో, రీడ్, సీడీ అలా కాదు. ఈ విండోలో మన మాట వినే షెల్ అనే ప్రోగ్రాంలోనే ఉంటాయి. ఇంట్లో మనుషులు. షెల్ బతికున్నంతసేపూ పలుకుతారు.” ఆమె వైపు తిరిగి అడిగాడు. “మధ్యాహ్నం నువ్వేం చేశావు?”

“పాత బ్యాకప్ తీసేశాను సార్. మీరు రాసిచ్చినట్టే, ముందు ఏ ఫోల్డర్ తీసేయాలో చెప్పే సెట్టింగుల ఫైలు నడిపి.”

“సోర్స్ అని కొట్టి నడిపావా, ఊరికేనా?”

“ఊరికేనండి. రెండూ ఒకటే కదా?”

“సోర్స్ కూడా ఇంట్లో మనిషే. అది చెప్పింది ఇంట్లో ఉండిపోతుంది. ఊరికే నడిపితే కూలీకి చెప్పినట్టే, ఆ మాట వాడితోనే పోతుంది,” అన్నాడు మెల్లగా.

పక్క కంప్యూటర్ నుంచి ఒక్కో ముక్కా లాగుతూ, ఆ నాలుగు మాటలతోనే మొదటి కూలీని లేపి కూర్చోబెట్టాడు. వాడి చేత మిగతావాళ్లను రప్పించాడు. ఆరింటికి అరవై చెరువుల్లోనూ మోటార్లు తిరిగాయి.

“హమ్మయ్య! ఎవరు తుడిచారో హిస్టరీలో ఉంటుందిగా సార్?”

“ఉంటుంది. అదీ ఇంట్లో మనిషే. కొట్టిన ప్రతి మాటా వేళతో సహా గుర్తుపెట్టుకుంటుంది. మర్యాదగా సెలవిస్తే అంతా డిస్కు మీద రాసిపెట్టి పోతుంది.”

“లేకపోతే?”

“షెల్‌ను చంపేస్తే దాంతోపాటే పోతుంది.” ఆయన ఇటు తిరగలేదు. “జాన్‌బాబును టీ పట్రమ్మని చెప్పమ్మా.”

చెప్పి వచ్చి, అక్షయ తలుపు అద్దం దగ్గరే ఆగిపోయింది. తెర మీద హిస్టరీ. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని ఒక్క వరుస కొట్టాడు.

విండో మాయమైంది.

షెల్‌ను చంపేశాడని అక్షయకు అర్థమైంది. చూసింది చూసినట్టు వెళ్లి శివపార్వతికి చెప్పింది. చెబుతూ ఏడ్చింది కూడా.

“ఏరేటర్ల పని నమోదయ్యే లాగ్ ఒంటిగంటా పదికి ఆగింది,” అంది శివపార్వతి. “అప్పుడు నువ్వెక్కడున్నావు?”

“అప్పటికే నా పని ముగించి క్యాంటీన్‌కి వెళ్లిపోయాననుకుంటా మేడమ్.”

శివపార్వతి సర్వర్ గదిలోకి నడిచింది. “షెల్ ఎందుకు చంపారు రామకోటేశ్వరరావు గారూ?”

ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డాడు.

“ఒంటిగంటా పదికి ఈ గదిలో ఉన్నది మీరేనా?”

గుమ్మంలో జాన్‌బాబు టీ గ్లాసులతో నిలబడి ఉన్నాడు. రామకోటేశ్వరరావు ఒకసారి అటు చూశాడు.

“నేనేనండీ. మతిమరుపు. చూసుకోకుండా కొట్టేశాను.”

“చేసిందే కాక చెరిపేయడం కూడానా? ఇన్నేళ్ల మనిషి మీరు. రేపట్నించి రావద్దు.”

“సరేనండి.”

అక్షయ నేల చూపులు చూస్తోంది. ఆయన ఆమె పక్కన ఆగాడు. “ఆ సోర్స్ సంగతి గుర్తుంచుకో తల్లీ.”

ఇప్పుడు కూడా పాఠమేనా అనుకుని ఆమె తల తిప్పుకుంది.

మెట్ల దగ్గర ఆయన జాన్‌బాబు భుజం మీద చెయ్యి వేశాడు. “రేపట్నించి నీ తిండి నువ్వే తెచ్చుకోవాలి మరి.”

అందరూ వెళ్లిపోయాక జాన్‌బాబు సర్వర్ గదిలో లైటు తీశాడు. ఒంటిగంట నుంచి ఒంటిగంటన్నర దాకా ఆయన గేటు గదిలో తన ఎదురుగానే కూర్చుని పప్పులో ఉప్పు కలుపుకుంటున్నాడన్న మాటను గొంతులోనే మింగి, తలుపు చప్పుడు కాకుండా మూశాడు.