ఇద్దరూ చెవులు పెట్టిన సొరంగం

పిల్లలూ, ఈ కథ మీకింకా ఎవరూ చెప్పలేదు. అందుకే చెబుతున్నాను.

వానలు మొదలయ్యేలోగా బొరియకు రెండో దారి తవ్వకపోతే పిల్ల ఎలుకలు నీళ్లలో మునిగిపోతాయి. అందుకని కొర్రయ్య ఎలుక లోపలి నుంచి, అతని బావ సామయ్య గట్టు మీద నుంచి తవ్వడం మొదలుపెట్టారు. మధ్యలో కలుసుకోవాలి.

కాసేపటికి కొర్రయ్యకు అనుమానం వచ్చింది. ఆగి, మట్టికి చెవి ఆనించాడు. చప్పుడు లేదు. "బావ పడుకున్నాడు. నేనొక్కడినే చావాలా?" అనుకుని అలాగే వింటూ కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి ఉరిమింది. మట్టిలోంచి వానపాము తల బయటపెట్టింది.

"ఏమయ్యా, అటు మీ బావా చెవి ఆనించే కూర్చున్నాడు, ఇటు నువ్వూ అంతే. ఇక తవ్వేదెవరు?"

కొర్రయ్య సిగ్గుపడ్డాడు. "పది గుప్పిళ్ల మట్టి తీసినప్పుడల్లా రెండు దెబ్బలు కొడతాను, తననూ కొట్టమను" అని వానపాముతోనే కబురంపాడు.

అటు నుంచి దెబ్బలు వినిపించాయి. తవ్వకుండానే కొడుతున్నాడేమోనని మొదట్లో కొర్రయ్య వాటినీ నమ్మలేదు, కానీ తవ్వుతూనే ఉన్నాడు. తొలి చినుకు పడేసరికి రెండు బురద ముక్కులు ఒకదానికొకటి తగిలాయి.

"నిద్రపోయావనుకున్నాను బావా!"

"నేనూ నిన్ను అదే అనుకున్నాను!"

పిల్లలూ, ఎవరితోనైనా జతగా పని చేయాల్సి వస్తే ఈ కథ వాళ్లకు చెప్పండి. పోట్లాడుకున్నాక కాదు, మొదలుపెట్టేముందే చెప్పండి.