రెండు నిమిషాల వీపు

"తినరా మెతోదీ! నలభయ్యో రోజున కూడా చచ్చినవాడి మీద ఏడుపేనా?" అంటూ పాత నేస్తం గ్రోజ్దాన్ ఉడికించిన గోధుమల్లో పంచదార కలిపిన కాగితం గ్లాసు అతని చేతిలో పెట్టాడు.

"నాకేం ఏడుపు? నేను బాగానే ఉన్నాను," అన్నాడు మెతోది.

ఏమీ బాగా లేడు. పొద్దున లాజర్ నలభయ్యో రోజు కర్మలో సమాధి మీద వైన్ పోసినప్పటి నుంచీ ఊరంతా లాజర్, లాజర్ అంటూనే ఉంది. లాజరూ మెతోదీ ఒకే నాటక సమాజం నుంచి సినిమాల్లోకి వెళ్ళారు. లాజర్ కనురెప్ప కదిపితే చాలు, రాజధాని సోఫియాలో పత్రికలు పేజీలు నింపేవి. మెతోదికి దక్కినవన్నీ గొంతు చించుకునే కసాయి వేషాలే. ఊరి హాలు తలుపుకి అంటించిన చావు కాగితం మీది ఫోటోలో కూడా లాజర్ పెదవి విప్పకుండా చూస్తున్నాడు.

మధ్యాహ్నం ఆ హాల్లోనే లాజర్‌కి పేరు తెచ్చిన సినిమా వేశారు. ఆ దృశ్యం వచ్చింది. కొడుకు యుద్ధంలో పోయాడని ఉత్తరం. తండ్రి కిటికీ దగ్గర నిలబడతాడు. రెండు నిమిషాలు తెర మీద ఒట్టి వీపు. మాట లేదు, ఏడుపు లేదు. ఎడమ భుజం మాత్రం కాస్త కిందికి జారుతుంది.

మెతోది పక్కకి చూశాడు. భార్య నేవేనా కళ్ళు తుడుచుకుంటోంది. ఇరవై ఏడేళ్ళుగా ఇదే వరస. పొయ్యి మీద కూర మాడిపోతున్నా సరే, టీవీలో ఇది వస్తే వచ్చి కూర్చుని ఏడుస్తుంది. అతని కసాయి వేషాలకు మాత్రం ఒక్క బొట్టు రాల్చిన పాపాన పోలేదు.

వెనక వరసలోంచి గ్రోజ్దాన్ గుసగుసలాడాడు. "చూశావా, నటనంటే అదీ! నువ్వయితే ఈపాటికి కిటికీ బద్దలు కొట్టి, జుట్టు పీక్కుని, హాలు కప్పు ఎగరగొట్టేవాడివి."

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. మెతోది నోటిదాకా వచ్చింది మింగేశాడు. లాజర్‌కి ఇచ్చిన మాట ఒకటుంది. వాడు బతికుండగా తప్పనిది ఇప్పుడెలా తప్పుతాడు?

బయటికి రాగానే ఇక ఆగలేక భార్యని నిలదీశాడు.

"నువ్వు లాజర్‌ని ప్రేమించావు కదూ?"

"సిగ్గులేదూ, ఈ వయసులో ఆ మాట అడగడానికి?"

"లేదు. నిజం చెప్పు. వాడెలాగూ పోయాడు."

"ఆ సినిమాలో లాజర్ జైలుకెళతాడు, పెళ్ళాం పోతుంది, చివరికి తనే చస్తాడు. అక్కడెప్పుడైనా నేను ఏడ్చానా?"

మెతోది ఆలోచించాడు. "లేదు. ఆ ఒక్క చోటే."

"మరి?"

"మరేముంది? ఆ వీపులో అంత ఏం కనిపించిందో నీకే తెలియాలి!"

నేవేనా అతని ఎడమ భుజం మీంచి జారిన కోటు సర్దింది. "ఎప్పుడో ఒకప్పుడు నీ నోటితోనే చెప్తావని చూస్తూనే ఉన్నాను, మొండిఘటమా."

"ఏమని?"

"అది నీ వీపని."